రెగ్యులేటరు మీద పసుపు బొట్టు

మా తోటలో చిన్న ట్రాక్టరు బేటరీ ఎందుకు పడిపోతోందో కనుక్కోవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నేను బేటరీని అనుమానించాను, బేటరీ అమ్మినవాణ్ణి అనుమానించాను, చలిగాలిని అనుమానించాను, చివరికి ఎనిమిదేళ్ళుగా మా దగ్గర పనిచేస్తున్న మనిషిని అనుమానించాను. నన్ను మాత్రం ఒక్కపూట కూడా అనుమానించుకోలేదు. ఇది రాయడానికి కూచున్నది అందుకే.

మాది బరంపురం బడా బజార్లో పసుపు, కుంకుమ, కర్పూరం టోకున అమ్మే ఇల్లు. మా అత్తవారు ఎన్ని తరాల కిందట ఇటొచ్చి స్థిరపడ్డారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. కొట్లో ఒడియా, వంటింట్లో తెలుగు, కోపం వస్తే రెండూనూ. నాకు కోపం కొంచెం తొందరగా వస్తుంది. "నేను పసుపు అమ్ముతాను, మా ఆవిడ కారం పంచుతుంది" అని మా ఆయన ఇంటికొచ్చిన ప్రతి చుట్టం దగ్గరా వేళాకోళమాడతారు. నేను కూడా అందరితోపాటు నవ్వేదాన్ని, అదేదో మెచ్చుకోలు అయినట్టు.

ఆయనకి కొట్టు ఎలాగో నాకు తోట అలాగ. ఊరి చివర అంకులి దాటాక కొంచెం లోపలికి ఉంది. మామిడి, కొబ్బరి, మధ్య మధ్య మల్లె, ఓ పక్కన వంగ మడులు. పొద్దున్నే ఆటోలో వెళ్ళి భోజనాల వేళకి ఇంటికొచ్చేస్తాను. చెట్ల వరసల మధ్య పెద్ద ట్రాక్టరు తిరగదు కాబట్టి చిన్నది కొన్నాం. నా నడుం ఎత్తుండే ఎర్ర బండి. చూడటానికి బొమ్మలా ఉంటుంది గానీ దుక్కి దున్నుతుంది, నీళ్ళ టాంకు లాగుతుంది, మల్లెపూల బుట్టలు రోడ్డు దాకా మోస్తుంది.

దాన్ని నడిపే మనిషిది పొడంపేట. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో ఉన్న చిన్న వేటపల్లె అది. ఒక తుఫానులో పడవ ముక్కలైంది, అప్పుడే మోకాలూ దెబ్బతింది. వేట తమ్ముడికి వదిలేసి మా తోటకొచ్చాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. షెడ్డు పక్క గదిలో ఉండేవాడు, వారానికోసారి ఇంటికి వెళ్ళొచ్చేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక చిన్న రేడియో. సముద్రం వదిలేసిన మనిషి రోజూ పొద్దున్నా సాయంత్రం సముద్రం మీద గాలి ఎలా ఉందో వినేవాడు, తమ్ముడు వేటకెళ్తాడని. బోటు ఇంజన్ల మధ్య పెరిగినవాడు కనక బండి శబ్దంలో కాస్త తేడా వచ్చినా అతని చెవికి తెలిసిపోయేది. ఎనిమిదేళ్ళూ తోట తాళాలు అతని దగ్గరే ఉండేవి. అది నేను పెట్టుకున్న నమ్మకం అని అప్పట్లో గొప్పగా చెప్పుకునేదాన్ని.

మావైపు విశ్వకర్మ పూజ అంటే తెలిసిందే కదా. ఆ రోజు బరంపురంలో దండ లేని ఆటో కనపడదు. కుట్టుమిషను దగ్గర్నించి పిండిమర దాకా చక్రం తిరిగేదానికల్లా బొట్టు పడుతుంది. పోయిన ఏడాది పూజకి ముందు ట్రాక్టరుని చూస్తే నాకు సిగ్గేసింది. సముద్రపు గాలికి అక్కడక్కడా తుప్పు పట్టి ఉంది. అతని చేత కొన్ని సామాన్లు విప్పించి శుభ్రం చేయిస్తున్నాను. అంతలో ఇంట్లో ఏదో పని పడి అతను రెండు రోజులు ఊరెళ్ళాడు. నేను ఊరుకోలేదు. షెడ్డులో మిగిలిపోయిన ఎర్ర ఎనామిల్ డబ్బా, ఒక బ్రష్షు దొరికాయి. కొంగు దోపుకుని మొదలుపెట్టాను.

బండి ముందు భాగంలో, పక్కగా, అరచేతిలో సగం ఉండే వెండిరంగు డబ్బా ఒకటుంది. దాని వీపు మీద దువ్వెన పళ్ళలా రేకులుంటాయి. అతను దాన్ని విప్పి వైర్లకి వేలాడదీసి వెళ్ళాడు. అది కూచునే చోట తుప్పు. గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు దట్టంగా వేశాను. బోల్టు కన్నాలకీ వేశాను. ఆ డబ్బా వెనకవైపుకి కూడా వేశాను, ఎవరికీ కనపడకపోయినా లోపల శుభ్రంగా ఉండాలని. వంటింట్లో డబ్బాల అడుగులు తోమే అలవాటు నాది. ఆ పూట ఎంత సంతోషంగా పనిచేశానో ఇప్పటికీ గుర్తుంది.

అతను తిరిగొచ్చి చూశాడు. డబ్బా వెనక్కి తిప్పి వేలితో రుద్దాడు.

"అమ్మగోరూ, దీనెనకాలకీ రంగేసీసినారేటి?"

"ఏస్తే ఏటయ్యా? ఇంక తుప్పు పట్టదు."

మర్నాడే పూజ. డబ్బా బిగించేశాడు.

పూజ నేనే చేశాను. పసుపుకి మా ఇంట్లో కరువేముంది! చక్రాలకి, స్టీరింగుకి, బోనెట్టుకి చేతి నిండా రాశాను. ఆ దువ్వెన పళ్ళ డబ్బా ఎదురుగా నిలబడితే చక్కగా కనపడుతుంది కాబట్టి దాని మీద పెద్ద పసుపు బొట్టు, మధ్యలో కుంకుమ పెట్టి, రేకుల సందుల్లోంచి బోల్టు చుట్టూ తిప్పి తోరం కట్టాను. మా అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. పూజలో పెట్టిన బొట్టు మన చేత్తో చెరపకూడదు. గాలికో వానకో అదే పోవాలి. కట్టిన తోరం అదే తెగి పడాలి. మా అత్తగారు కొట్లో తక్కెడకి కట్టిన తోరాన్ని ఏడాది పొడుగునా ఎవర్నీ తాకనిచ్చేవారు కాదు, అది నల్లగా జిడ్డోడుతున్నా సరే. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో ఎక్కువ పట్టుగా పాటించేది ఇదే.

పూజ అయిన రెండు వారాలకి ఒక పొద్దున్న తాళం తిప్పితే బండి 'టక్' అని ఊరుకుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్. పక్క తోటవాళ్ళ ట్రాక్టరు తెచ్చి, దాని బేటరీ నుంచి వైర్లు తగిలిస్తే వెంటనే అందుకుంది. అంటే మన బేటరీయే పోయిందన్నమాట అని తేల్చేశాను. పాతదే కదా. ఊళ్ళో బేటరీలమ్మే మెకానిక్కు దగ్గర కొత్తది కొన్నాం. అతను తెల్ల చీటీ మీద మా కొట్టు పేరు, కొన్న తేదీ రాసి బేటరీ పక్కన అంటించాడు. బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది. చూశావా అన్నట్టు మా తోట మనిషి వైపు చూశాను. అతను మాత్రం మీటరు పక్కనున్న చిన్న ఎర్ర లైటునే చూస్తున్నాడు. బండి నడుస్తున్నంతసేపూ అది సన్నగా వెలుగుతూ ఉంది. పూజ చేసిన బండి, దీపంలా ఎర్రగా వెలుగుతోంది, శుభమే కదా అనుకున్నాను. బండి నడిచేటప్పుడు ఆ లైటు ఆరిపోవాలనీ, వెలుగుతోందంటే ఇంజను నుంచి బేటరీకి కరెంటు అందడం లేదనీ నాకు తెలీదు.

ఇంకో పన్నెండు రోజులకి కొత్త బేటరీ కూడా నీరసపడింది.

"బేటరీ తప్పు కాదమ్మగోరూ," అన్నాడు అతను. "దానికి తిండి అందట్లేదు. మనం వాడీసుకుంటన్నాం గానీ లోపలికేటీ ఎల్తన్లేదు."

"ఎందుకెల్లదు?"

అతను నన్ను బండి ముందుకి తీసుకొచ్చి ఆ డబ్బా చూపించాడు. "దీన్ని రెగ్యులేటరంతారు. ఇంజన్లో పుట్టిన కరెంటుని బేటరీకి తగ్గట్టు సేసి పంపుతాది. దీనికి ఏరే వైరేదీ లేదు ఎర్తుకి. దీని ఒళ్ళు బండి ఇనుముకి తగలాల. మజ్జిలో రంగొచ్చీసినాది. తీసి గీకితే సరిపోద్ది."

"నేనేసిన రంగు వల్ల బేటరీ పోయిందంటావా?"

"అలగని కాదు. బోట్లో ఏ రోగమొచ్చినా మేం ముందు గీకుతాం. ఉప్పు పడతాది గదా. గీకిన తరవాతే మిగతాది."

"బోటు ఏరు, ట్రాక్టరు ఏరు," అన్నాను. బోట్ల గురించి గానీ ట్రాక్టర్ల గురించి గానీ నాకు ఏమీ తెలీకుండానే.

కాసేపయ్యాక వంగ మడి దగ్గర్నించి తలెత్తి చూస్తే అతను బండి ముందు కూచుని, తోరాన్ని పక్కకి జరిపి, కత్తి మొనతో ఆ బోల్టు పక్కన గీకుతున్నాడు. పసుపు రాలి కింద పడుతోంది. నాకు ఒళ్ళు మండింది. అక్కణ్ణించే కేకేశాను.

"ఏటయ్యా అది! పూజ బొట్టు మీద కత్తెట్టేవా? నీకు బుద్దుందా?"

అతను వెంటనే చెయ్యి తీసేశాడు. తోరం మళ్ళీ జాగ్రత్తగా సర్దాడు. కత్తి తుడుచుకుని, "సర్లెండమ్మగోరూ, పండగెళ్ళీదాకా ఆగుతాను," అన్నాడు. ఏ పండగ అని నేను అడగలేదు. తోరం తెగేదాకా ముట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఆ తోరం మా కొట్లో దారం, పసుపులో ముంచి పేనినది. అంత తొందరగా తెగేది కాదు.

ముట్టుకోవద్దన్నాక అతను ఇంకేం చేస్తాడు? చేతనైనదేదో చేశాడు. బేటరీ టెర్మినళ్ళ మీద తెల్లగా పొడి పట్టిందని వేడినీళ్ళలో సోడా కలిపి కడిగాడు. ఆ నీళ్ళకి పక్కనున్న చీటీ నాని ఊడిపోయింది. అది నేను చూడలేదు, తరవాతెప్పుడో అతని నోటే విన్నాను; అప్పట్లో అతను చెప్పాలనుకోలేదు. చీటీ ఊడితే చెప్పుకోవాల్సినంత విషయమని ఎవరనుకుంటారు!

ఇంకోసారి బండి ఆగిపోయినప్పుడు బేటరీ అమ్మిన మెకానిక్కుని తోటకే పిలిపించాను. అతను ఏదో పరికరం తగిలించి చూసి, బేటరీలో లోపం లేదన్నాడు. బండి నిలబడి ఉన్నప్పుడు ఎవరైనా దేనికైనా వాడుతున్నారేమో కనుక్కోమన్నాడు. వెళ్ళబోతూ ఒక్క మాట అడిగాడు: "ఇది నేనిచ్చిందేనా? నా చీటీ ఏదీ?"

ఆ మాట అతను ఊరికే అన్నాడు. నాలో మాత్రం అది ముల్లులా దిగిపోయింది. పొడంపేట, తమ్ముడు, బోటు, బోటుకి బేటరీ. వారానికోసారి ఊరెళ్ళొస్తాడు. తాళాలు అతని దగ్గరే. మా కొత్త బేటరీ అక్కడికి, అక్కడి పాత బేటరీ ఇక్కడికి. అన్నీ ఎంత చక్కగా అతికాయంటే, ఆ రాత్రికి నేనేదో పెద్ద తెలివైనదాన్నని అనిపించింది. నిజానికి నేను చేసిందల్లా చీటీ లేని ఒక బేటరీ చుట్టూ కథ అల్లుకోవడం.

మర్నాడు పొద్దున్న మల్లెపూలు కోసే ఆడవాళ్ళు ముగ్గురు అక్కడే ఉన్నారు. అతను బుట్టలు ఎక్కిస్తున్నాడు. నేను చాలా మామూలుగా, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాను.

"మీ తమ్ముడి బోట్లో బేటరీ ఈమజ్జినే మార్చేరేటి?"

అతను చేతిలో బుట్ట దించాడు. నా మొహంలోకి చూశాడు. అబద్ధం చెప్పి ఉంటే నాకిప్పుడు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

"అవునమ్మగోరూ. మార్చినాం. పూజకి ముందల మా తమ్ముడు కొన్నాడు."

"అలాగా," అన్నాను.

అంతే అన్నాను. దొంగ అనలేదు, కేకలెయ్యలేదు. కారం పంచే మనిషిని, ఆరోజు మాత్రం ఎంతో మెత్తగా మాట్లాడాను. ఆ 'అలాగా' ఎలా అన్నానో నాకు తెలుసు, అతనికి తెలుసు, పూలు కోస్తున్న ముగ్గురికీ తెలుసు. వాళ్ళ చేతులు ఆగిపోయాయి. అతను బుట్టలన్నీ ఎక్కించాడు, బండిని తోసి స్టార్టు చేశాడు, రోడ్డు దాకా తీసుకెళ్ళొచ్చాడు. సాయంత్రం దాకా పని చేశాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి తాళాల గుత్తి షెడ్డులో మేకుకి వేలాడుతోంది. గది ఊడ్చి ఉంది. కిటికీలో రేడియో లేదు.

మా ఆయనకి చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగారు.

"ఏటే, నువ్వు సూసేవా? అతని బోటు నువ్వు సూసేవా?"

"సూడక్కర్లేదు. మొహంలోనే తెలిసిపోయింది."

"ఎనిమిదేళ్ళు మనకాడ పన్జేసేడే," అన్నారు ఆయన. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది, నా వైపు మాట్లాడనందుకు. ఆయన అతనికి రెండుమూడు సార్లు ఫోను చేశారట. అతను ఎత్తి, ఆరోగ్యం బాగోలేదని, మోకాలు నొప్పని మర్యాదగా చెప్పి పెట్టేశాడట. ఆయన కూడా నా మాట ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

అతను వెళ్ళిపోయినా బేటరీ పడిపోవడం ఆగలేదు. అప్పుడైనా నాకు తెలిసిరావాలి. తెలిసి రాలేదు. పాత బేటరీ పెట్టిపోయాడు కదా, ఇంకెలా నిలుస్తుంది అనుకున్నాను. ఒకసారి అనుమానం పట్టుకుంటే ప్రతిదీ దానికే సాక్ష్యం చెబుతుంది. దున్నే పని ఆగిపోతోందని చివరికి ఒక ముసలి ఒడియా మెకానిక్కుని పిలిపించాం. కళ్ళద్దాలకి దారం కట్టుకుని మెడలో వేసుకున్న మనిషి. తొందర అన్నది లేదు. బండి స్టార్టు చేయించి ముందుగా ఆ ఎర్ర లైటుని చూశాడు. తరవాత మీటరు తీసి బేటరీకి తగిలించాడు. పన్నెండు వోల్టుల దగ్గర ముల్లు కదలకుండా నిలబడింది. అప్పుడు జేబులోంచి మూరెడు వైరు తీసి, ఒక కొస రెగ్యులేటరు రేకుకి, ఇంకో కొస బేటరీ మైనసుకి ఆనించాడు.

ఎర్ర లైటు ఆరిపోయింది. మీటరు ముల్లు పధ్నాలుగు మీదకి పోయింది. వైరు తీస్తే లైటు వెలిగింది. పెడితే ఆరింది. నాకు అర్థం కావాలని మూడుసార్లు పెట్టి తీశాడు.

తరవాత తోరం కింద వేలు పెట్టి తడిమి, అద్దాలు సర్దుకుని, "మా, ఎఠి రంగ కిఏ దేలా?" అని అడిగాడు. రంగు ఎవరు వేశారని.

నేనే అన్నాను.

"మరి ఇక్కడెవరో గీకడం మొదలుపెట్టారే," అన్నాడు ఒడియాలోనే. "సరైన చోటే మొదలుపెట్టారు. ఎందుకాపేశారో."

వంగి చూశాను. బోల్టు పక్కన, పసుపు కింద, నా ఎర్ర రంగులో కందిగింజంత మేర ఇనుము మెరుస్తోంది. అది అతని కత్తి మొన ఆగిన చోటు. నా కేక వినపడగానే ఆగిన చోటు. ఇంకొక్క నిమిషం నేను తలెత్తకుండా వంగ మడిలోనే ఉండి ఉంటే డబ్బా ఊడదీసి గీకేసి ఉండేవాడు. మనిషీ, బండీ రెండూ నాకు మిగిలేవి.

మెకానిక్కు తోరం వైపు చూసి, తీసెయ్యమంటారా అని అడిగాడు. నేనే తీశాను. బ్లేడుతో కోసి, పసుపూ కుంకుమా నా కొంగుతో తుడిచాను. దేవుడికి కోపం వస్తుందనిపించలేదు. ఇన్నాళ్ళూ కోపమంతా నాదేనని అప్పుడు తెలిసింది. మెకానిక్కు డబ్బా విప్పి రెండు వైపులా గీకి, తెల్లగా ఇనుము తేల్చి బిగించాడు. పావుగంట పని. బేటరీ గురించి అడిగితే, పైన అచ్చుకొట్టిన తయారీ నెల చూపించి, కొత్తదే, మంచిదే, ఎక్కడికీ పోలేదన్నాడు.

మర్నాడు పూలు కోసే ముగ్గురినీ పిలిచి చెప్పాను. తప్పు నాదని, రంగు వేసింది నేనని, బేటరీ మనదేనని. వాళ్ళలో పెద్దామె మల్లెమొగ్గలు ఒళ్ళో పోసుకుంటూ, "మాకు తెలుసునమ్మా," అంది.

"తెలిస్తే సెప్పలేదేటి?"

"మీరు ఇనీలాగున్నారేటి ఆ పూట?"

ఆ వారమే పొడంపేట వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన వస్తానన్నారు గానీ, నేనన్న మాట నేనే వెనక్కి తీసుకోవాలనిపించింది. అతని భార్యకి ఒక చీర, పసుపు కుంకుమ సంచిలో పెట్టుకున్నాను. దారంతా ఏమనాలో అనుకుంటూనే ఉన్నాను. ఊరు చేరేసరికి అన్నీ మర్చిపోయాను. ఆ ఊళ్ళో సముద్రం వైపున్న ఇళ్ళు కొన్నిటికి సగం గోడలే మిగిలాయి, మిగతా సగం నీళ్ళు పట్టుకుపోయాయి. అతను ఇసకలో కూచుని వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. మోకాలు మీద చెయ్యి ఆనించి లేవడం పాత అలవాటే. భార్య ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి, "కూకోండమ్మా," అంది.

నేను కూచోకముందే అతను అన్నాడు, "రండమ్మగోరూ. మీరెప్పుడో ఒకప్పుడొత్తారని తెలుసును."

అని ఒడ్డున ఆపిన బోటు వైపు నడిచాడు. ఎందుకో అర్థం కాక వెనకే వెళ్ళాను. అతను బోటు అంచు మీద నుంచి వంగి, పాలిథీన్ కట్టు విప్పి, చెక్క పెట్టె మూత తీశాడు. లోపల బేటరీ ఉంది.

"సూసుకోండి," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఇంట్లో వెతకడానికి వచ్చినవాళ్ళకి దారిచ్చినట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు.

"నేనందుకు రాలేదయ్యా," అన్నాను. "తప్పు నాదని సెప్పడానికొచ్చేను."

చెప్పాను. రంగు, తోరం, వైరు, మీటరు, కందిగింజంత గీకుడు, అన్నీ చెప్పాను. నలుగురి ముందు అన్నాను కాబట్టి ఆ ముగ్గురి ముందూ ఒప్పుకున్నానని చెప్పాను. నాకు ఏడుపొచ్చింది. అతను తలొంచుకుని విన్నాడు. వల దారం ముక్క ఒకటి వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"ఎర్ర లైటు ఆరినాదేటి?"

"ఆరింది."

"నానన్నాను గదా," అన్నాడు. అప్పుడొక్కసారి నవ్వాడు. ఆ క్షణంలో మళ్ళీ మా తోటలో మనిషే అనిపించింది. నాకు ఆశ పుట్టింది.

"మళ్ళీ రావయ్యా. గది అలాగే ఉంది. తాళాలు మేకుకే ఉన్నాయి."

అతను పెట్టె మూత వేసి, పాలిథీన్ కప్పి, తాడు రెండు ముళ్ళు వేశాడు.

"రానమ్మగోరూ. మీరు మంచోరే, ఇంత దూరమొచ్చి సెప్పినారు. మరేటంటే, రేపు తోటలో ఏదైనా అగుపడకపోతే మీకు నాను గేపకమొత్తాను. మీకు రాకపోయినా, వచ్చిందేమోనని నాకొత్తాది. అలగ పని సెయ్యలేను."

అతని భార్య టీ ఇచ్చింది. తాగాను. చీర, పసుపు కుంకుమ తీసుకుంది. నా నుదుట బొట్టు పెట్టింది. అతను ఆటో దాకా వచ్చి, రెగ్యులేటరు అంచుల చుట్టూ కొంచెం గ్రీజు రాస్తే ఉప్పుగాలికి తుప్పు పట్టదని, మీద మీద రాయండి గానీ తగిలే చోట వద్దని చెప్పాడు. వచ్చే పూజకి ఆ బోల్టుకి మాత్రం తోరం కట్టొద్దన్నాడు.

మొన్న మళ్ళీ పూజ వచ్చింది. బండంతా బొట్లు పెట్టాను, ఆ డబ్బా ఒక్కదాన్నే వదిలేశాను. ఇప్పుడు నడిపేది ఇంకెవరో. బండి ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది, ఎర్ర లైటు ఆరిపోతుంది. ఆరినప్పుడల్లా చూస్తాను.

మా ఆయన ఇంకా అడుగుతూనే ఉంటారు, అంత దూరం వెళ్ళి క్షమించమన్నావు కదా, అతనెందుకు రాలేదే అని. మనసు విరిగింది కదా అంటాను. అది నిజమే గానీ మొత్తం నిజం కాదు. మిగిలిన ముక్క ఆయనకి చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. బోటు దగ్గర అతను పెట్టె మూత తీసి సూసుకోండి అన్నప్పుడు, నేనందుకు రాలేదని అన్నాను నిజమే. కానీ ఆ మాట అనడానికి ముందు నా కళ్ళు బేటరీ పక్కకి వెళ్ళాయి. తెల్ల చీటీ అంటించిన జాడ ఉందేమోనని చూశాయి. మా బేటరీ మా బండిలోనే ఉందని అప్పటికి నాలుగైదు రోజులుగా నాకు తెలుసు. అయినా చూశాయి.

అతను ఆ సమయంలో బేటరీ వైపు చూడటం లేదు. నా మొహంలోకే చూస్తున్నాడు.